ఎర్ర పళ్ళపొడి చాటున

దోహాలో మా ఎదురింట్లో ఉండిన ఆపా పోయిందని మొన్న శుక్రవారం మధ్యాహ్నం నిజామాబాద్ నుంచి ఆమె పెద్ద కూతురు ఫోన్ చేసింది. రెండు రోజుల జ్వరమట, ఎవరితోనూ పెద్దగా చేయించుకోలేదట. కబురు చెప్పి, ఏడ్చి, ఆ పిల్ల గొంతు తగ్గించింది. పిల్ల అంటున్నాను గానీ ఆమెకూ యాభై దాటాయి.

"ఆంటీ, స్నానం చేయించేటప్పుడు అమ్మీ నోట్లకెళ్లి పండ్లు తీసిన్రు. ముందటి రెండు కట్టుడు పండ్లేనట. కన్నబిడ్డను, నాకే తెల్వదు. మీకు తెలుసా?"

తెలుసు. ఆపా ఎందుకు దాచిందో కూడా తెలుసు. కానీ సాయంత్రం నేనే చేస్తానని ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. ఆ మాట చెప్పాలంటే ముందు నా భయం సంగతి చెప్పాలి.

చమురు డబ్బుతో ఖతర్ దేశపు దోహా ఊరంతా తవ్విపోస్తున్న రోజులవి. ఎటు చూసినా క్రేన్లు, సిమెంటు దుమ్ము. మా ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. అక్కడి ఉమ్ ఘువైలినా పేటలో రెండు గదుల ఫ్లాటు దొరకగానే నన్ను జగిత్యాల నుంచి పిలిపించుకున్నాడు. మా అత్తగారు మాత్రం ఆఖరుదాకా నన్ను దుబాయ్ కోడలనే చెప్పుకుంది. మా ఎదురు ఫ్లాటు ఆపాది. ఒక పళ్ళ క్లినిక్కులో డాక్టరమ్మ పక్కన నిలబడి సామాన్లందించే డ్యూటీ ఆమెది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. నవ్వొస్తే చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అది ఆమె మర్యాద అనుకునేదాన్ని.

వెళ్ళిన కొన్నాళ్ళకే నెల తప్పింది. మూడో నెలలో ఒక పొద్దున బ్రష్ చేసుకుంటుంటే నురగంతా ఎర్రగా వచ్చింది. మర్నాడూ అంతే. నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే అంతకు ముందు నెలలోనే మా ఆయనతో పనిచేసే ఒకతన్ని వీసా కోసం చేసే మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే చూసి టీబీ అని తిప్పి పంపేశారు. పాపం, పెట్టె సర్దుకోవడానికి కూడా సరిగ్గా టైమివ్వలేదని మా ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నాకింకా బతాకా రాలేదు. ఆ కార్డు ఉంటేనే అక్కడ ఉండనిస్తారు, దానికి ముందు మెడికల్ కావాలి. నోట్లోంచి రక్తం పడితే టీబీ కాక ఇంకేమిటి? నన్ను పంపేస్తారు, నావల్ల ఆయన ఉద్యోగం పోతుంది, కడుపులో బిడ్డకూ అంటుకుంటుంది. నా బుర్రలో అప్పుడు తిరిగినవి ఈ మూడే.

నా తెలివి తగలెయ్య, ఒక ఉపాయం పన్నాను. వచ్చేటప్పుడు మా అమ్మ పెట్టెలో ఎర్ర పళ్ళపొడి పొట్లాలు నాలుగు పెట్టింది. పేస్టు తెల్లగా ఉంటుంది కాబట్టి రక్తం కనిపిస్తుంది. పొడి ఎర్రగానే ఉంటుంది కదా. బ్రష్షు అటకెక్కించి, వేలితో పళ్ళపొడి మొదలుపెట్టాను. ఒకరోజు మా ఆయన బేసిన్ చూసి "ఏందిది, ఇంత ఎర్రగున్నది?" అన్నాడు. "పండ్లపొడి" అన్నాను. ఆయన నమ్మేశాడు. ఆ గరుకు పొడికి చిగుళ్ళు ఇంకా ఉబ్బాయి. ముట్టుకుంటే నొప్పని పైపైన రుద్ది పుక్కిలించేదాన్ని. అయిదో నెలకి ముందు పళ్ళ మధ్య చిగురు మీద శనగగింజంత బుడిపె లేచింది, నేరేడుపండు రంగులో. అన్నం ముద్ద తగిలితే చాలు, నోరంతా ఇనుము రుచి. టీబీతో పాటు క్యాన్సర్ కూడా వచ్చిందని తీర్మానించుకున్నాను. రోజూ పొద్దున బాత్రూం తలుపు గడియ పెట్టుకుని, బిడ్డ కదులుతున్నదో లేదోనని కడుపు మీద చెయ్యేసుకుని నిలబడేదాన్ని. మెడికల్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఒక శుక్రవారం ఆపా వేడివేడి ఖుబూస్ రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది. తలుపు తీసే ఉంది. నేను వాంతి చేసుకుని, పళ్ళపొడితో నోరు కడుక్కుని, నీళ్ళు పొయ్యకముందే బయటికి వచ్చాను. ఆమె చెయ్యి కడుక్కోవడానికి బేసిన్ దగ్గరికి పోయి అక్కడే ఆగిపోయింది.

"గిదేంది?"

"పండ్లపొడి, ఆపా."

"పొడి ఐతే అడుగున ఇసుక లెక్క నిలుస్తది. గిది తీగ సాగుతున్నది. నేను దినాం చూసే రంగే గిది, నాకు చెప్తవా?"

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరికీ చెప్పొద్దని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. టీబీ అన్నాను, క్యాన్సర్ అన్నాను, పంపేస్తారన్నాను. ఆమె నా చేతులు విడిపించుకుని, సంచీలోంచి రుమాల్లో చుట్టిన చిన్న అద్దం తీసింది. "కిటికీ కాడికి రా. నోరు తెరువు. ఏం కనిపిస్తుందో నాకు చెప్పు" అంది. చెప్పేదాకా వదల్లేదు. ఉబ్బిన చిగుళ్ళు, పళ్ళ మొదట్లో పసుప్పచ్చటి పాచి, ఆ బుడిపె. సరిగ్గా చూడకుండా భయపడ్డ నెలల్లో అవి నా తలలో ఎంత పెద్దవయ్యాయో, అద్దంలో చూస్తే అంత లేవు.

"కడుపుతోటి ఉన్నప్పుడు ఒంట్ల హార్మోన్లు మారతయ్. చిగుళ్ళకు రక్తం ఎక్కువొస్తది, ఇంత పాచి ఉన్నా ఉబ్బుతయ్. గీ బుడిపె గూడ అందుకే. శానామందికి కాన్పయినంక అదే పోతది. కడగక దాస్తె మాత్రం పండ్లే పోతయ్" అంది ఆపా.

నేను నమ్మలేదు. నా మొహంలోనే కనిపించి ఉంటుంది. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి తలుపు వేసి వచ్చింది. చున్నీ పక్కకి తీసి, పై ముందు పళ్ళు రెండూ ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది. నవ్వు దాచుకునే ఆపా ఎదురుగా బోసినోటితో నిలబడితే నాకు ఏడుపొచ్చింది.

"పెద్ద బిడ్డ కడుపులున్నప్పుడు నాకూ గిట్లనే రక్తమొచ్చింది. ఎవరికీ చెప్పలే. ఉప్పు పెట్టుకున్న, పండ్లు తోముడు బంద్ చేసిన. కాన్పయినంక రెండూ కదిలి ఊడినయ్. అత్తగారింట్ల ఏమన్నరో తెలుసా, కడుపుల పిల్ల తల్లి పండ్లు తిన్నది అన్నరు. నెలల పిల్లను పట్టుకొని ఆ మాటన్నరు. బిడ్డ పండ్లు తినదమ్మా. పండ్లను భయమే తింటది."

పళ్ళు మళ్ళీ పెట్టుకుని, "నా బిడ్డ చెవుల ఆ మాట పడొద్దు. అందుకే ఊరు మారినంక ఇవి కట్టించుకున్న" అంది.

మర్నాడే నన్ను క్లినిక్కుకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చూసి ఆపా చెప్పిందే చెప్పి, పాచి గీకి శుభ్రం చేసి, మెత్తటి బ్రష్షు ఇచ్చింది. వాంతయిన వెంటనే తోమొద్దు, నీళ్ళతో పుక్కిలించి కాసేపాగమంది. ఆపా ఇంటికొచ్చి మిగిలిన పళ్ళపొడి పొట్లాలు తనే చెత్తబుట్టలో వేసింది. మెడికల్ రోజు నా చెయ్యి పట్టుకుని వరసలో నిలబడింది. ఏమీ లేదన్నారు. బతాకా వచ్చింది, బిడ్డ పుట్టింది, మూడో నెలకల్లా బుడిపె ఉందో లేదో నాకే గుర్తులేకుండా పోయింది.

ఇద్దరం ఇండియాకు తిరిగొచ్చాక కూడా ఫోన్లో ఆమె మొదటి మాట "చిగుళ్ళెట్లున్నయ్?" బాగున్నావా అన్నది ఆ తర్వాతే. నా కూతురు పెద్దమనిషయిన ఏడాది దాని చిగుళ్ళలోంచి రక్తమొస్తే, అన్నీ తెలిసిన నేనే మళ్ళీ బిక్కచచ్చిపోయి ఆమెకే ఫోన్ చేశాను. నెలసరి నిలిచాక నోరు ఎండి మంట పెట్టినప్పుడూ ఆమెకే చేశాను. "భయపడు, పర్వాలేదు. దాచుడే వద్దు" అనేది. నా భయం ఆమె పోగొట్టలేదు, ఇప్పటికీ ఉంది. దాన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోవడం నేర్పింది.

ఆపా పోయిన కబురొచ్చిన సాయంత్రమే నిజామాబాద్‌కి ఫోన్ చేశాను. యాభై ఏళ్ళు కూతురి చెవిన పడకుండా కాచుకున్న మాట ఇప్పుడు నేను చెప్పాలా అని చాలాసేపు కొట్టుకులాడాను. చివరికి అంతా చెప్పాను. "నీవల్ల కాదు బిడ్డా. అమ్మీ ఎవరికీ చెప్పుకోలేక ఆ పండ్లు పోయినయ్. ఎవరన్నా నీవల్లనంటరని దాచింది" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను.

"ఆంటీ, ఆర్నెల్లసంది నా నోరంత ఎండుకపోతున్నది. మండుతది. చిగుళ్ళు కిందికి దిగినయ్, ఒక పన్ను కదులుతున్నది. క్యాన్సరో ఏందో అని ఎవ్వరికీ చెప్పలే. అమ్మీకి గూడ చెప్పలే."

ఆర్నెల్లు పక్క గదిలో ఆపాను పెట్టుకుని ఈ పిల్ల నోరు మూసుకుని తిరిగింది. కోపమొచ్చింది, తిట్టబోయాను, మింగేశాను. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి, నేనూ వస్తున్నాను, మొదటి బస్సుకే బయల్దేరుతానని చెప్పాను. ఆ తర్వాత నా నోట్లోంచి ఆమె మాటలే వచ్చాయి.

"అమ్మీ సంచీల రుమాలు మూట ఉంటది చూడు. అందుల అద్దం ఉంటది. తీసుకొని కిటికీ కాడికి పో. నోరు తెరువు. ఏం కనిపిస్తుందో నాకు చెప్పు."

సంచీ జిప్పు తీసిన చప్పుడు, కర్టెన్ జరిపిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఆ పిల్ల ఏదో అంది. నోరు తెరిచే మాట్లాడుతున్నట్టుంది, మాట సరిగా రాలేదు.