నతానియేలు మాస్టారి పెన్సిల్ మొన

పెన్సిల్ మొన విషయంలో నతానియేలు మాస్టారిని మెప్పించినవాడు పెడనలో ఇంకా పుట్టలేదు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైనప్పటి నుంచీ ఆయన గీస్తున్నది ఒకటే బొమ్మ, ఘంటసాలలోని పాత బౌద్ధాలయం. అక్కడిప్పుడు మిగిలింది ఇటుకల దిబ్బే. ఈయన మాత్రం గుమ్మటం, స్తంభాలు, సింహాలతో సహా నిన్ననే చూసొచ్చినట్టు గీసేస్తారు. మొన నచ్చలేదని చెరిపేస్తారు.

ఆ మొనల గోల చివరికి కోటిలింగానికి చుట్టుకుంది. అతను కలంకారీ అచ్చులు చెక్కే మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి మొండికేశాక ఉలి మూలపడింది. చేతికి బలమొస్తుంది, రబ్బరు బంతి పిసకమని డాక్టరు చెబితే, "నేనేమన్నా చంటిపిల్లాడినా?" అంటూ దాన్ని గోడ అవతలికి విసిరేశాడు. అదీ ఎడంచేత్తోనే.

మర్నాడే మాస్టారు గుప్పెడు పెన్సిళ్ళతో దిగారు.

"చెక్కిపెట్టవయ్యా."

"మర ఉంటుందిగా మాస్టారూ, అందులో పెట్టి తిప్పండి."

"తిప్పితే పెన్సిలుకి కళ్ళు తిరుగుతాయి. దాంతో గీస్తే గుడి తూలుద్ది."

కోటిలింగం ఎడంచేత్తో చాకు అందుకున్నాడు.

"ఆగాగు! ఎడంచేత్తో చెక్కితే గుమ్మటం ఎడమకి ఒరుగుద్ది!"

తిట్టుకుంటూ చాకు కుడిచేతికి మార్చాడు. పెన్సిల్ రెండు ముక్కలైంది. ఇంకోటి ఎలాగో చెక్కితే, మాస్టారు ఆ మొద్దు మొనతోనే గీసి చూపించారు. "నీ ధర్మమా అని స్తంభం కాస్తా ఏనుగు కాలైంది." మర్నాడు సింహం పందికొక్కయింది. రోజూ ఇదే రభస.

"ఆయన గుడి లేచేలోపు మన వాకిలి పొట్టుతో పూడిపోద్ది," అని కోటిలింగం భార్య మహాలక్ష్మి నవ్వేది. అతనికి మాత్రం పౌరుషం పెరిగింది. ఇన్నేళ్ళు టేకు చెక్క మీద నెమళ్ళని ఆడించిన చెయ్యి, ముష్టి పెన్సిలుకి లొంగడమా?

ఓ ఉదయం సూదిలాంటి మొన తీసి, దాంతో ఆయన నోరు మూయించాలని తనే మాస్టారింటికి నడిచాడు.

పెరట్లో మాస్టారు, నిన్న కోటిలింగం చెక్కిచ్చిన పెన్సిళ్ళను ఒక్కొక్కటే గచ్చుకేసి అరగదీస్తున్నారు. పక్కన ఆయన భార్య కృపాకుమారి గొణుగుతోంది. "బంగారంలాంటి మొనలు! పాపం, ఆ మనిషినెందుకండీ ఏడిపిస్తారు?"

"ఇంకొన్నాళ్ళు ఏడవనీవే. బంతి పట్టనంటే ఏం చెయ్యను? చాకు నిలవని చెయ్యి ఎంత మొన తీసిందో చూడు. పోగొట్టుకునే చెయ్యి కాదది."

కోటిలింగం చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చేశాడు.

కాసేపటికి మాస్టారు పెన్సిళ్ళూ బొమ్మా పట్టుకుని ఎప్పటిలాగే కేకలేస్తూ వచ్చారు. "ఏంటయ్యా ఈ మొనలు!"

కోటిలింగం అప్పటికే టేకు చెక్క ముందేసుకుని కూర్చున్నాడు. "పెన్సిళ్ళు పక్కన పెట్టి, బొమ్మ ఇటివ్వండి. అచ్చు చెక్కుతా."

"ఇంకా పూర్తవలేదు!"

"మీ చేతుల్లో ఉంటే అవ్వదు. చెక్క మీదైతే చెరపలేరు."

మాస్టారు బొమ్మ ఇచ్చి, పక్కనే చతికిలబడ్డారు. "గుమ్మటం దగ్గర జాగ్రత్త," అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "వంకరొస్తే ఊరుకోను."

"మీరెప్పుడు ఊరుకున్నారండీ?" అంటూ కోటిలింగం ఉలి ఆనించాడు.