నూట పన్నెండో పేజీలో మడతలు

ఆసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనే పిలుస్తారు. చదివింది ఏడో తరగతి. భోజనాల వేళ నవల తెరిచిందంటే పక్కన పిడుగు పడ్డా వినిపించదు. అక్కడే బట్టలుతికే ఆడపడుచు మాత్రం ఆ కథలు చదివి ఏం బావుకున్నావు వదినా అని దెప్పుతూనే ఉంటుంది.

ఈమధ్య అక్క చేతికి ఒక కొత్త నవల వచ్చింది. అందులో నోట్లో నాలుక లేని పెద్ద కూతురు ఒకతి తమ్ముళ్ళకూ మరదళ్ళకూ పన్నెండేళ్ళు గొడ్డుచాకిరీ చేసి, ఆఖరి అధ్యాయంలో చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. అక్క మూడు రోజుల్లో ముగించి, మనసు ఊరుకోక మళ్ళీ మొదటినుంచి చదివింది.

ఆ నెల లైబ్రరీలో పాఠకుల సమావేశం ఆ నవల మీదే. అక్క ప్రతి నెలా వెళ్ళేది, వెనక వరసలో కూర్చుని వినేది, నోరు విప్పేది కాదు. ఈసారి ఆడపడుచు కూడా వెంటవచ్చింది, తోడుకు సగం, వేళాకోళానికి సగం.

రిటైరైన లెక్చరర్ ఒకాయన మొదట మాట్లాడాడు. ముగింపు అతకలేదన్నాడు. గడప దాటని మనిషి ఒక్కసారిగా ఎలా వెళ్ళిపోతుంది, కథ తెమల్చడానికి రచయిత్రే ఆమెను బయటికి తోసిందన్నాడు. తలలన్నీ ఊగాయి.

తనకు బాగా తెలిసిన మనిషిని పదిమందీ ఆడిపోసుకుంటున్నట్టు అనిపించింది అక్కకి. లేచి నిలబడ్డాక గానీ లేచానని తెలియలేదు.

"ఒక్కసారిగా వెళ్ళలేదండీ. నూట పన్నెండో పేజీలోనే వెళ్ళిపోయింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పేజీలో ఏముందమ్మా అని లెక్చరర్ అడిగాడు. అక్క పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివింది. ఆమె అందరి బట్టలూ ఇస్త్రీ చేసి వెడల్పుగా మడిచిందనీ, తనవి మాత్రం జాకెట్ల చేతులు లోపలికి పెట్టి ఇరుగ్గా మడిచిందనీ రెండే వాక్యాలు.

"బీరువాలో పెట్టేవి వెడల్పుగా మడుస్తామండీ, తీసుకోడానికి వీలుగా. ఇలా ఇరుగ్గా మడిచేది పెట్టెలో సర్దడానికే. అందరివీ బీరువా మడతలు, తనవి పెట్టె మడతలు. ఆవిడ ఆ రోజే బయల్దేరింది. ఇంట్లోవాళ్ళు చూసుకోలేదు, అంతే."

లెక్చరర్ పుస్తకం అడిగి తీసుకుని ఆ పేజీని రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీశాడు.

"నేను చదవలేదమ్మా, పేజీలు తిప్పానంతే. ఆ ముగింపు మీద నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

మొదటి చప్పట్లు వెనక వరసలోంచి వచ్చాయి. అవి ఆడపడుచువి. తర్వాత గదంతా మోగింది. వచ్చే నెల పుస్తకం మీద మొదటి మాట మీదేనని లైబ్రేరియన్ అందరి ముందూ చెప్పింది. అక్కకు ఒళ్ళంతా తేలికైపోయింది.

బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాక ఆడపడుచు మెల్లగా అడిగింది.

"ఇంతకీ ఎక్కడికి వెళ్ళిందంటావు వదినా?"

అది పుస్తకంలో లేదు. అయినా అక్క చెప్పడం మొదలుపెట్టింది. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి, ఇద్దరిలో ఎవరూ లేవలేదు.