తీగ మీద దుప్పట్లు

ఐర్లండు పడమటి తీరంలో ఎండని నమ్మి ఎవరూ బట్టలారేయరు, పక్కింటివాళ్లని నమ్మి ఆరేస్తారు. డెలియా బంగాళాదుంపల చెక్కు తీస్తున్నా ఒక కన్ను కిటికీలోంచి కొండ మీదే ఉంటుంది. కొండకొన మసకబారిందంటే తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ పరిగెత్తి, ముందు పక్కింటి యూనా బట్టలు, ఆ తర్వాతే తనవి తీస్తుంది. ముప్ఫై ఏళ్ల అలవాటు. మొన్న గురువారం మాత్రం తనవే తీసింది. ఆదివారం చర్చి బయట డెలియా కేకు గట్టిగా ఉందని యూనా ఎవరితోనో అన్నదట. టౌనుకెళ్లిన యూనా దుప్పట్లు వానకి బరువెక్కి గడ్డి మీదికి వేలాడుతుంటే, కిటికీ తెర పక్కన నిలబడి చూస్తూ డెలియా టీ తాగింది.

సాయంత్రం యూనా గిన్నెడు వేడి సూపుతో వచ్చింది. "ఏమైందే డెలియా? తీగ మీద దుప్పట్లు చూడగానే నువ్వు మంచాన పడ్డావనుకున్నా. నీవి తీసేసరికే ఓపిక అయిపోయిందా?"

"కొంచెం తలనొప్పి," అంది డెలియా, గిన్నె మీంచి కళ్లెత్తకుండా.

"అయితే లేవకు. రేపు నీ బట్టలు నేను చూసుకుంటాలే."

మర్నాడు ఎండ విరగకాసింది. ఏ జబ్బూ లేని డెలియా ముసుగుతన్ని పడుకుని, పెరట్లో తన బట్టలకి యూనా ఒక్కొక్క క్లిప్పూ పెడుతున్న చప్పుడు వింటూ ఉంది.