పెడనలో దిగిపోయిన పాఠకురాలు

బదిలీ మీద బందరు వచ్చి నాలుగు నెలలైంది. "మేడమ్, ఇక్కడ సంతకం" అనడం తప్ప నాతో వేరే కబురు చెప్పినవాళ్ళు లేరు. ఈ రోజు సాయంత్రం గుడివాడ నుంచి బస్సులో వస్తూ ఫోన్‌లో ఒక నవల పూర్తి చేశాను. తండ్రి రాజ్యం నుంచి వెళ్ళగొట్టిన రాకుమారి ప్రేమకథ అది. కింద పాఠకుల అభిప్రాయాలు చూస్తే, చివర్లో పెళ్ళి చెయ్యలేదని అందరూ రచయిత్రిని తిట్టారు.

పక్క సీట్లో ఒకావిడ కూర్చున్నారు. వేళ్ళకు ఇంకా కలంకారీ రంగు ఉంది. నా ఫోన్‌లోకి తొంగిచూసి, "నేనూ చదివానండీ అది," అన్నారు.

"మీక్కూడా రాకుమారికి పెళ్ళి కాలేదనే బాధా?" అని అడిగాను.

"పెళ్ళి సంగతి అలా ఉంచండి. పరాయి ఊళ్ళో ఆ పిల్ల ఒక్కతే కూర్చుని అన్నం తింటుంది చూడండి, అక్కడ ఏడ్చేశాను. ఆ మాట ఒక్కళ్ళూ రాయలేదేంటండీ?"

నేనూ అక్కడే ఆగి రెండుసార్లు చదివాను. ఆ సంగతి చెప్పేలోగా పెడన వచ్చింది. "వస్తానండీ," అని ఆవిడ దిగిపోయారు. పేరు కూడా అడగలేదు.

ఇంటికొచ్చి, ఆవిడన్న మాటే నవల కింద రాశాను. ఇంకా ఎవరూ పలకలేదు. ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఆ నవల చదివారా? నచ్చలేదన్నా పర్వాలేదు, కాసేపు మాట్లాడుకుందాం.