పసుపు నీళ్ళ బోరింగు

మా వీధి చివర రేకుల కంచె కట్టి నెల రోజులుగా మట్టి తవ్వుతున్నారు. తవ్విన మట్టిని నీళ్ళతో తడిపి, లారీల మీద మందపాటి పట్టాలు కప్పి ఎక్కడికో దూరంగా తీసుకుపోతున్నారు. అమీర్‌పేటలో మెట్రో దిగి బల్కంపేట వైపు నడిచే ఈ కాలపు పిల్లలు కంచె మీది బోర్డు చదివి, ఇక్కడ దవాఖానా, పార్కు వస్తాయట అనుకుంటూ సాగిపోతారు. నా ఈడు వాళ్ళకు మాత్రం అది సైకిలు హ్యాండిళ్ళకూ కుళాయిలకూ తళతళలాడే క్రోమియం పూత పూసే కార్ఖానా. నేనూ మా తోడికోడలూ కలిసి పనిచేసిన చోటు.

కిందటి వారం ఆ పని చూసే ఇంజనీరమ్మాయి మా తలుపు తట్టింది. "ఆంటీ, కార్ఖానా నీళ్ళు వదిలిన పాత గుంత ఎక్కడుందో తెలిసినావిడ ఈ ఇంట్లో ఉన్నారట, మీరేనా?" అని అడిగింది. ఆమె అడుగుతున్నది పై వాటాలో ఉండే మా తోడికోడలి గురించని నాకు వెంటనే తెలిసింది. తెలిసే, నేనేనమ్మా పద అని చెప్పులేసుకున్నాను. ఇంత వయసొచ్చి ఆ పని ఎందుకు చేశానో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

మాది కోస్తా. మా మరిది మాత్రం సిరిసిల్ల పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. వాళ్ళ నాన్న మగ్గం నేసేవాడు. ఆమె పదో తరగతి, నేను బీయెస్సీ. కార్ఖానాలో ఆమెకు పని ఇప్పించింది కూడా నేనే. నాకు ముందు వైపు చిన్న గది, బల్ల, గాజు గొట్టాలు, తెల్లకోటు. ఆమెకు వెనక షెడ్డులో సామాన్లు తీగలకు తగిలించే పని, ఆసిడ్ ఆవిరి, పుండ్లు పడ్డ వేళ్ళు. ఇందులో నేను అసూయపడవలసింది ఏముందని మీరు అనుకోవచ్చు. ఏడాది తిరక్కుండానే షెడ్డులో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆమె దగ్గరికే పోయేవాళ్ళు, ఇంట్లో అత్తగారు ఆమె చేసిన పులుసు మెచ్చుకుంటూ నా గిన్నె పక్కకు జరిపేవారు. బల్కంపేట ఎల్లమ్మ బోనాలకు కార్ఖానా వెనక బస్తీ ఆడవాళ్ళు మా ఇంటికొచ్చి ఆమెను పేరు పెట్టి పిలిచి వెంట తీసుకుపోయేవాళ్ళు, గుమ్మంలోనే నిలబడి ఉన్న నన్ను ఒక్కరూ రమ్మనేవారు కాదు. నేను లోపలికొచ్చి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దుకునేదాన్ని.

ఒక ఎండాకాలం ఆమె సీసాలో నీళ్ళు పట్టుకుని నా గదికి వచ్చింది. బస్తీ బోరింగు నీళ్ళు, లేత పసుపు రంగులో ఉన్నాయి. "అక్కా, జర గివి చూడు. పిల్లల ఒళ్ళంత దద్దుర్లు లేస్తున్నయి," అంది. నేను పరీక్ష చేశాను. రంగు చూడగానే నాకు అనుమానం, పరీక్షతో రూఢి అయింది. మా కార్ఖానా గుంతలోని క్రోమియం విషమే భూమిలోకి దిగి బోరింగులో కలుస్తోంది. యజమానికి చెబితే ఆయన తల ఎత్తకుండా, బోరింగు గొట్టాలు తుప్పు పట్టాయని చెప్పమ్మా, అన్నాడు. నాకు ఉద్యోగం భయం ఉన్నమాట నిజమే. కానీ దానికన్నా నిజం ఇంకొకటుంది. ఆమె పట్టుకొచ్చిన మాట నిజం కాకూడదని నా మనసు కోరుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి, అది తుప్పేలే, అన్నాను.

ఆమె మర్నాటి నుంచి ఆ సీసా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆ నీళ్ళు తాగొద్దని చెప్పింది. పనిలోంచి తీసేస్తే ఆడవాళ్ళతో కలిసి గేటు ముందు కూర్చుంది. చివరికి అధికారులొచ్చి కార్ఖానా మూయించారు. నా ఉద్యోగమూ పోయింది. నీ వల్లే అని ఇంట్లో అందరి ముందూ ఆమెను ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు. తర్వాత ఆ స్థలం ఏళ్ళ తరబడి గడ్డి కూడా సరిగ్గా మొలవకుండా పడి ఉంది. చుట్టూ కోచింగ్ సెంటర్లు, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళు పెరిగిపోయాయి కానీ ఆ వెనక బస్తీ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక కిందటి వారం సంగతి. నేను చూపించిన మూల వాళ్ళు రెండు రోజులు తవ్వారు. శుభ్రమైన ఎర్రమట్టి తప్ప ఏమీ రాలేదు. మూడో రోజు ఆ అమ్మాయి బస్తీలో విచారించుకుని మళ్ళీ వచ్చి, ఈసారి నేరుగా మెట్లెక్కి మా తోడికోడలిని తీసుకువెళ్ళింది. ఉండబట్టలేక నేనూ వెనకే వెళ్ళాను. ఆమె మోకాళ్ళ నొప్పులతో మెల్లగా నడిచి, తూర్పు గోడ నుంచి అడుగులు వేసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడ నాలుగడుగులు తవ్వేసరికి మట్టి పసుపు తిరిగింది. పని ఆపి చూస్తున్న బస్తీవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. నాలో పాత అసూయ అలాగే లేచింది. ఆమె నా వైపు తిరిగి, నెమ్మదిగానే, "నువ్వు ఎన్నడు గీ దిక్కు రాలె గద అక్కా, నీకెట్ల ఎర్కైతది," అంది.

ఎత్తిపొడుపు కాదది, నన్ను కాయడానికే అంది. అంతటితో ఆగకుండా నా పేరు కూడా రాయించబోతూ, కాగితం మీద రాసుకుంటున్న ఆ అమ్మాయితో, "మా అక్క పేరు సుత రాయి బిడ్డా. నీళ్ళు పరీక్ష చేసింది గామెనే," అంది.

అప్పుడు నావల్ల కాలేదు. వద్దమ్మా, నేను పరీక్ష చేసింది నిజమే, విషమని తెలిసీ తుప్పని అబద్ధం చెప్పాను, అన్నాను. ఆ అమ్మాయి కలం ఆగిపోయింది. నేను తోడికోడలి ముఖం చూడలేక తల దించుకున్నాను.

"నాకెర్కనే అక్కా," అంది ఆమె. "గా దినమే ఎర్క. నీకు మొఖం దాసుడు రాదు."

ఇన్నేళ్ళు తెలిసి కూడా నాకు జ్వరమొస్తే జావ కాచి పెట్టింది, పురిటికి నా కూతురి పక్కన కూర్చుంది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ గుంత నిండా కొత్త మట్టి పోస్తున్నారు. పంజాగుట్ట వైపు నుంచి గాలి వీచినా మునుపటి ఆసిడ్ వాసన లేదు, వచ్చే ఏడు అక్కడ పిల్లలు ఆడుకుంటారట. అంతా మారింది, మంచికే మారింది. నేను కూడా మారానని చెప్పుకోవాలనే ఉంది. కానీ నిన్న సాయంత్రం బస్తీ ఆడవాళ్ళు మళ్ళీ మా ఇంటికొచ్చారు, గుమ్మంలో ఉన్న నన్ను పలకరించి పైకి వెళ్ళారు, మేడ మీద నుంచి వాళ్ళ నవ్వులు వినిపించాయి. మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆమె పిలిస్తే వెళ్ళేదాన్ని. పిలవకుండా వెళ్ళడం నాకు ఈ వయసులోనూ చేతకాలేదు.