పూడ్చని గుంతకు నా సంతకం

డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీలో నాకు తొలి ఉద్యోగం దొరికింది. తవ్వకం ముగిసిన క్వారీలను రూల్స్ ప్రకారం పూడ్చి మొక్కలు నాటారో లేదో చూసి, ప్రభుత్వానికి రిపోర్టు పంపడం మా పని. ఒక క్వారీకి మాత్రం వెళ్లకుండానే, మా సార్ చెప్పినట్టు వేరేచోటి మొక్కల ఫోటో పెట్టి సంతకం చేసేశాను.

రెండు నెలలకు గనుల శాఖ అధికారి ఒకాయన ఒక గొర్రెల కాపరిని వెంటబెట్టుకొచ్చారు. నా రిపోర్టు ముందు పెట్టి, “ఈ సంతకం మీదేనామ్మా?” అంటూ ఫోన్‌లో ఆ క్వారీ ఫోటో చూపించారు. అందులో నిండా నీళ్లతో లోతైన గుంత!

“మొన్న నా బిడ్డ గిండ్లనే పడ్డది మేడమ్. జర లేటైతే మాకు దక్కకపోయేది. పూడ్చిండ్రని ఎట్ల రాసిండ్రు?” అన్నాడు కాపరి.

అధికారి వెనక నిలబడి మా సార్ చెప్పొద్దని సైగ చేస్తున్నారు. అయినా, “నేను అక్కడికి వెళ్లలేదండీ, చూడకుండానే రాశాను” అని చెప్పి, అదే మాట కాగితం మీద రాసిచ్చాను.

ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది. పంజాగుట్ట దాకా ఏడుస్తూ నడిచాను. తర్వాత అధికారులు దగ్గరుండి క్వారీ యజమానితో ఆ గుంత పూడ్పించారని తెలిసింది. పాప కోలుకుందట. ఆ రోజు ఆ తండ్రి నన్ను ఒక్క మాటా తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయేదాన్నేమో.