ఫ్యాన్లు వేసిన ఆదివారం

ఎండాకాలం వస్తే మా చర్చి చుట్టూ మిరపకాయలే. కౌలుకు పండించుకునే మా వాళ్ళకు సొంత కళ్ళాలు లేవు. కాయలు ఆరబెట్టుకోవడానికి చర్చి ఆవరణే దిక్కు. అందుకని ఆ రోజుల్లో ఆరాధన జరిగేటప్పుడు ఫ్యాన్లు వేయకూడదని కట్టుబాటు. వేస్తే ఘాటంతా లోపలికొస్తుంది. చెమటలు కారుతున్నా అలాగే పాడేవాళ్ళం.

తొంభైల చివర్లో ఒక ఆదివారం పట్నం నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. మర్నాడే అమ్మను గుండె ఆపరేషన్‌కు గుంటూరు ఆసుపత్రిలో చేర్చాలి. బతుకుతుందని డాక్టర్లు కూడా గట్టిగా చెప్పలేదు. దేవుణ్ణి ఎలా అడగాలో నేను వారమంతా మాటలు కూడబెట్టుకున్నాను. ప్రార్థనంటే ప్లీడరు వాదించినట్టు వాదించడమేనని నా నమ్మకం.

అందరూ కళ్ళు మూసుకుని అమ్మకోసం ఒక్కసారిగా గొంతెత్తారు. పాస్టరుగారికి ఉక్కపోసింది కాబోలు, ఫ్యాన్లన్నీ వేసేశారు. కాసేపటికి ప్రార్థన కాస్తా దగ్గయింది.

"ఎవడ్రా ఫ్యాన్లేసింది!" అని అరిచిన పెద్దాయన కళ్ళు తెరిచి చూసి, "ఆపండి అయ్యగారూ, మీకు పుణ్యముంటుంది," అన్నాడు.

అందరికంటే ముందు బయటికి పరుగెత్తింది అయ్యగారే. అమ్మ లేవలేదు. తడి తువ్వాలు ఆమె ముక్కుకు అడ్డం పెట్టి, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బయట దగ్గులు, తిట్లు, రోడ్డు మీద ట్రాక్టరులో సినిమా పాట. మంటకు కళ్ళు తెరవలేకపోయాను. కూడబెట్టిన మాటల్లో ఒక్కటీ రాలేదు. నా లోపలంతా నిశ్శబ్దంగా ఉంది. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది గానీ, హాయిగా ఉంది.

మర్నాడు బస్సులో అమ్మ అడిగింది, "నిన్న నాకోసం ఏం అడిగావే?"

"ఏం అడగలేదమ్మా. మాటలు రాలేదు."

"నాకూ రాలేదు. వచ్చుంటే ఆ హాయి పాడయ్యేదిలే," అని కిటికీలోంచి పత్తి చేల వైపు చూస్తూ కూర్చుంది.

ఆపరేషన్ బల్ల మీదే పోయింది. కాయలు పక్కకు నెట్టి, చర్చి ఆవరణలోనే పెట్టె దించారు. ఆడవాళ్ళలో ఒకామె, "ఇంకా గట్టిగా అడగాల్సిందమ్మా," అంది. నాకు ఒళ్ళు మండింది. పెట్టె పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను. చుట్టూ ఏడుపులు. లోపల మళ్ళీ అదే నిశ్శబ్దం. అమ్మ చెయ్యి మాత్రం నా చేతిలో లేదు.